బాదం హల్వా నూనె ఎందుకు కక్కుతుంది? దేశదేశాల బాదం వంటల వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా

బాదం పప్పు బరువులో సగం నూనె, ఐదో వంతు ప్రోటీన్. పిండి పదార్థం (స్టార్చ్) దాదాపు లేనట్టే. అందుకే నీళ్లతో రుబ్బితే పాలవుతుంది, నీళ్లు లేకుండా రుబ్బితే నూనె దిగుతుంది, చక్కెర కలిస్తే చాలా రోజులు నిలిచే ముద్దవుతుంది, గుడ్డు తోడైతే మైదా లేకుండానే కేకవుతుంది. స్పెయిన్ తుర్రోన్, జర్మనీ మార్జిపాన్, మొరాకో సెల్లూ, హైదరాబాద్ బాదం కీ జాలీ పైకి ఒకదానికొకటి పోలిక లేని వంటలు. వాటిలో ఏది కుదిరినా, ఏది చెడినా నూనె ఎప్పుడు బయటపడిందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పేరు దగ్గరే చిక్కు

వరంగల్‌లో 'బాదం చెట్టు' అంటే బడి ఆవరణల్లో, ఆఫీసుల ముందు అంతస్తులు అంతస్తులుగా గొడుగు పట్టినట్టు పరుచుకునే పెద్దాకుల చెట్టు. కాయ పైకండ పుల్లగా, కొంచెం వగరుగా ఉంటుంది. లోపలి టెంకను రాయి మీద పెట్టి కొడితే సన్నని పప్పు బయటికొస్తుంది. అది తినదగ్గదే, రుచి కూడా దగ్గరిదే. కానీ దుకాణంలో తూకం వేసి అమ్మే బాదంతో దానికి చుట్టరికం లేదు. ఈ చెట్టు కరక్కాయ, తానికాయ, తెల్లమద్దిల కుటుంబం. దుకాణం బాదం గులాబీ కుటుంబానిది. పీచ్, ఆలూబుఖారా, ఖుబానీ (ఆప్రికాట్) దాని దాయాదులు.

దుకాణం బాదం చెట్టుకు చలికాలంలో కొన్ని వందల గంటలు 7 డిగ్రీల లోపు చలి తగలాలి. పూత సమయంలో వాన పడకూడదు, కాయ ముదిరేటప్పుడు పొడి ఎండ ఉండాలి. తెలంగాణలో ఈ మూడూ కుదరవు కాబట్టి ఇక్కడ పండదు. మన దేశంలో ప్రధానంగా కాశ్మీర్‌లో పండుతుంది, వాడకంలో ఎక్కువ భాగం దిగుమతే. ప్రపంచ పంటలో మూడొంతులకు పైగా అమెరికాలోని కాలిఫోర్నియా నుంచే వస్తుంది. బాదం వంటల పటం కూడా ఈ వాతావరణాన్నే అనుసరించింది. మధ్యధరా సముద్రం చుట్టూ, ఇరాన్ దాకా చెట్టు పండే చోట వంటలు పుట్టాయి. అరబ్బులతో పాటు చెరకు సిసిలీకి, స్పెయిన్‌కు చేరాక అవి మిఠాయిలుగా విస్తరించాయి. మనకు పేరూ వంటలూ కలిసే వచ్చాయి. బాదం ఫారసీ మాట.

మూడో గింజ ఖుబానీది. ఖుబానీ కా మీఠా మీద అలంకరణగా వేసే చిన్న పప్పు చాలామందికి బాదం ముక్కలాగే కనిపిస్తుంది. ఎండు ఖుబానీ టెంక పగలగొడితే వచ్చేది అదే. చైనాలో 'బాదం టోఫూ' అని అనువదించే తెల్లని జెల్లీకి అసలు వాడేది కూడా ఆప్రికాట్ గింజే. ఇక్కడ జాగ్రత్త అవసరం. చేదు బాదంలోనూ, చాలా రకాల ఖుబానీ గింజల్లోనూ అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. గింజను నమిలినా, తడితో నూరినా ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. అప్పుడు ఒకవైపు ఘాటైన సువాసన ఇచ్చే బెంజాల్డిహైడ్, మరోవైపు విషమైన హైడ్రోజన్ సయనైడ్ పుడతాయి. పచ్చి ఆప్రికాట్ గింజలు చిన్నవి మూడింటికి మించి తింటే పెద్దవాళ్లకు, ఒక్కటి తిన్నా పసిపిల్లలకు సురక్షిత పరిమితి దాటవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో చెప్పింది. మీఠాకు గింజలు తీసేటప్పుడు ఒక్కోదాని కొసను కొరికి చూడాలి. చేదు తగిలితే ఉమ్మేసి ఆ గింజను పారేయాలి. ఎక్కువ గింజలు చేదుగా ఉంటే మొత్తం వదిలేయడమే మంచిది.

ఇందులోంచే ఇంకో సంగతి తేలుతుంది. బేకరీల్లో 'బాదం వాసన'గా పరిచయమైంది ఆ బెంజాల్డిహైడే. తీపి బాదంకు అంత వాసన ఉండదు. దాని పరిమళం మెత్తనిది, పాలకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి బిస్కెట్టు గుప్పుమని వాసన కొడితే అందులో ఎసెన్సు ఉందని అర్థం, బాదం ఎక్కువుందని కాదు.

గింజ లోపల నూనె ఎక్కడుంటుంది

బాదంలోని నూనె ఒక్క చోట నిలవ ఉండదు. కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా, ఒక్కో బొట్టు చుట్టూ పలుచని ప్రోటీన్ పొరతో, కణాల నిండా ఇమిడి ఉంటుంది. నీళ్లు పోసి రుబ్బితే కణాల గోడలు పగిలినా ఆ పొరలు చాలావరకు చిరగవు. బొట్లు విడివిడిగా నీళ్లలో తేలుతూ తెల్లగా కనిపిస్తాయి. అదే బాదం పాలు. నీళ్లు లేకుండా మిక్సీ తిప్పితే బ్లేడు రాపిడికి, వేడికి పొరలు చిరిగి బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మొదట పొడి వస్తుంది. తర్వాత అది జారు అంచులకు అతుక్కుంటుంది, ఆ తర్వాత ముద్ద కడుతుంది, చివరికి జారే వెన్నవుతుంది. పొడి కావాలనుకున్నవాళ్లకు ముద్ద వచ్చిందంటే వెనక్కి దారి లేదు.

పల్లీలతో పనిచేసే చేతులకు ఇది తెలిసిన విషయమే. సద్దుల బతుకమ్మకు సత్తులు కొట్టేటప్పుడు పల్లీలో నువ్వులో కాస్త ఎక్కువసేపు తిప్పితే పొడి తడిబారి ఉండ కడుతుంది. కారణం ఒకటే. 100 గ్రాముల బాదంలో సుమారు 50 గ్రాముల నూనె ఉంటే, పల్లీల్లో 49, నువ్వుల్లో 50 దాకా ఉంటుంది. జీడిపప్పు మాత్రం వేరే జాతి. నూనె 44 గ్రాములే, పైగా పిండి పదార్థం 23 గ్రాముల వరకు ఉంటుంది. బాదంలో ఆ పిండి ఒక్క గ్రాము కూడా ఉండదు. కాజూ కత్లీ సాగుతూ నున్నగా రావడానికి, అదే కొలతతో చేసిన బాదం బర్ఫీ రవ్వరవ్వగా విరగడానికి ఈ తేడాయే మూలం. వేడి తగిలిన జీడిపప్పు పిండి జిగురుగా ఉడుకుతుంది. బాదంలో ఉడకడానికి పిండే లేదు.

నీళ్లతో: పాలు, చల్లని చారు, పుడ్డింగు

మధ్యయుగపు ఐరోపాలో క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసంతో పాటు పాలు, గుడ్లు కూడా నిషిద్ధం. ఏడాదిలో అలాంటి రోజులు చాలా ఉండేవి. ఆ కాలపు సంపన్నుల వంటశాలల్లో పాలకు బదులు బాదం పాలే నడిచాయి. పాలు పూటకే పులిసిపోతాయి, బాదం పప్పు నెలలు నిలుస్తుంది, కావాలన్నప్పుడు రుబ్బుకోవచ్చు. 'తెల్లని భోజనం' అనే అర్థం వచ్చే బ్లాంమాంజ్ అలా స్థిరపడింది. ఇప్పుడు అది తీపి పుడ్డింగు గానీ, మొదట్లో బియ్యం, బాదం పాలు, నలిపిన కోడి మాంసం కలిపిన వంటకం. ఉపవాసం రోజున కోడి బదులు చేప వేసేవారు. టర్కీలో కోడి రొమ్ము పీచుతో చేసే తీపి తవుక్ గొయ్‌సూ ఇప్పటికీ ఉంది. అక్కడి కెష్కుల్‌లో ఆవుపాలకు నూరిన బాదం కలిపి, బియ్యప్పిండితో చిక్కబరుస్తారు. బియ్యప్పిండి ఎందుకంటే, బాదం తనంతట తాను చిక్కబడలేదు.

అన్నిటిలోకీ ఎక్కువ నేర్పేది స్పెయిన్ దక్షిణాన మాలగా వైపు చేసే అహో బ్లాంకో. పొయ్యి ఎక్కని చల్లని చారు ఇది. నలుగురికి పొట్టు తీసిన బాదం 200 గ్రాములు, నానబెట్టి పిండిన నిన్నటి బ్రెడ్డు 100 గ్రాములు, ఎల్లిగడ్డ రెండు రెబ్బలు, ఆలివ్ నూనె 100 మిల్లీలీటర్లు, వెనిగర్ రెండు చెంచాలు, చల్లని నీళ్లు 700 మిల్లీలీటర్లు, ఉప్పు. ముందు బాదం, బ్రెడ్డు, ఎల్లిగడ్డలను కొద్ది నీళ్లతో మెత్తగా రుబ్బాలి. మిక్సీ తిరుగుతుండగానే నూనెను సన్నని ధారగా పోయాలి. తర్వాత మిగతా నీళ్లు, చిట్టచివర వెనిగర్. నూనె ఒక్కసారే కుమ్మరిస్తే పైకి తేలిపోతుంది. వెనిగర్ ముందే పోస్తే బాదం ప్రోటీన్ పులుపుకు గడ్డకట్టి చారు సున్నపు నీళ్లలా విడిపోవచ్చు. గిన్నెలో పోసి ద్రాక్షపళ్లు వేసి ఇస్తారు. అమెరికా ఖండం నుంచి టమాట ఐరోపాకు రాకముందు చల్లని చారు అంటే ఇలాంటి తెల్లనిదే. ఉడకని పులుసుతో అన్నం తినే తెలంగాణ ఇళ్లకు, పచ్చిపులుసు తెలిసిన నాలుకకు, ఈ వంట పద్ధతి అంత దూరమైందేమీ కాదు.

ఇంట్లో బాదం పాలకు 100 గ్రాముల పప్పుకు 400 మిల్లీలీటర్ల నీళ్లు సరైన కొలత. 8 గంటలు నానబెట్టి, పొట్టు తీసి, ముందు సగం నీళ్లతో రుబ్బి, తర్వాత మిగతా నీళ్లు కలిపి బట్టలో పిండాలి. ఈ పాలను ఆవుపాలలాగా పొంగించకూడదు. మరుగు దగ్గరికి రాగానే ప్రోటీన్ ముద్దకట్టి విరిగినట్టు కనిపిస్తుంది. సన్నని మంట మీద కలుపుతూ, పొగలు రాగానే దించాలి.

ఎండాకాలం వరంగల్ జ్యూస్ సెంటర్లలో అమ్మే బాదం మిల్క్ సంగతి వేరు. అది ఆవు లేదా గేదె పాల పానీయం. పసుపు రంగు, చిక్కదనం ఎక్కువచోట్ల కస్టర్డ్ పౌడర్ నుంచి, అంటే మొక్కజొన్న పిండి నుంచి వస్తాయి. తక్కువ ధరకు చల్లగా చిక్కగా ఇవ్వాలంటే ఆ దారే సులువు. బాదంతోనే చిక్కదనం కావాలంటే లీటరు పాలకు 60 గ్రాముల పప్పును నానబెట్టి వెన్నలా రుబ్బి కలిపి, ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగించాలి. పాల ప్రోటీన్ తోడుంటుంది కనుక ఇక్కడ విరిగిపోతుందన్న భయం ఉండదు. పలుకు మిగిలితే మాత్రం గ్లాసు అడుగున పేరుకుంటుంది. పసుపు రంగు కుంకుమపువ్వుది. బాదం తనకు తాను ఇచ్చేది తెలుపే.

చక్కెరతో: నూనె దాచే ముద్దలు

మార్జిపాన్ అంటే నూరిన బాదం, చక్కెర. అంతే. దాన్ని నిలబెట్టేది రెండింటి నిష్పత్తి. జర్మనీ నిబంధనల ప్రకారం ముడి ముద్దలో, అంటే మరింత చక్కెర కలపకముందు ఉన్న మూల ముద్దలో, చక్కెర 35 శాతం, నీరు 17 శాతం దాటకూడదు, బాదం నూనె 28 శాతానికి తగ్గకూడదు. ల్యూబెక్ పట్టణం పేరుతో అమ్మే మార్జిపాన్‌లో కనీసం 70 శాతం ఈ ముడి ముద్ద ఉండాలి, మేలు రకంలో 90 శాతం. స్పెయిన్‌లోని తొలేదో మసపాన్‌లో బాదం కనీసం సగం. చక్కెర నీటిని పట్టేసుకుంటుంది కాబట్టి బూజుకు, సూక్ష్మజీవులకు తడి దొరకదు, ముద్ద నిలుస్తుంది. చక్కెర పలుకులు బాదం రవ్వల మధ్య చేరి నూనెను కూడా అంటిపెట్టుకుంటాయి.

బాదం బదులు చేదు తీసిన ఆప్రికాట్ గింజలతో చేసే చవక ముద్దకు జర్మనీలో పెర్సిపాన్ అని వేరే పేరు ఉంది. అందులో 0.5 శాతం పిండి పదార్థం కావాలనే కలుపుతారు. అయోడిన్ చుక్క వేస్తే నీలంగా మారి గుట్టు బయటపడుతుంది. బాదంలో పిండి లేకపోవడమే ఈ పరీక్షకు ఆధారం. కల్తీని పట్టుకునే గుర్తును వస్తువులోనే పెట్టించడం మెచ్చుకోదగిన ఏర్పాటు.

ఇంట్లో చేయాలంటే 250 గ్రాముల బాదంను మరిగే నీళ్లలో నిమిషం పాటు ఉంచి, చన్నీళ్లలో వేసి పొట్టు వలవాలి. బట్ట మీద పరిచి ఫ్యాన్ కింద ఒక రోజంతా ఆరబెట్టాలి. ఈ ఆరబెట్టడం దగ్గరే చాలామంది తొందరపడతారు. తడి మిగిలితే చక్కెర కరిగి ముద్ద జారుతుంది. ఆరిన పప్పును 200 గ్రాముల చక్కెర పొడిలో సగంతో కలిపి, ఐదేసి సెకన్లు ఆపి ఆపి మిక్సీ తిప్పాలి. మిగతా చక్కెర, ఒక చెంచా గులాబీ నీళ్లు చేతితో కలిపి ముద్ద చేయాలి. చేతికి నూనె తగలడం మొదలైతే పిసకడం ఆపేయాలి. ఇంకా పిసికితే ఇంకా దిగుతుంది. చెంచా చల్లని నీళ్లు, కొంచెం చక్కెర పొడి చేర్చి అరగంట ఫ్రిజ్‌లో పెడితే చాలావరకు సర్దుకుంటుంది. నీళ్లు చేరగానే బయటపడ్డ నూనె మళ్లీ సన్నని బొట్లుగా విడిపోవడమే దీనికి కారణం.

హైదరాబాద్ పాత ఇళ్ల బాదం కీ జాలీ ఈ ముద్దకు మరో రూపం. ముద్దను రొట్టెలా వత్తి, అచ్చులతో జాలీ కోసి, వెండి రేకు అద్ది, రంగు మారనంత సన్నని వేడిలో ఆరనిస్తారు. సిసిలీలోని పలెర్మోలో ఇదే ముద్దను పండ్ల ఆకారంలో మలిచి రంగులు వేస్తారు. మొరాకో కాబ్ ఎల్ గ్జాల్ చూస్తే మన గరిజెలే గుర్తొస్తాయి. పలుచని మైదా పొర లోపల బాదం, చక్కెర, నారింజ పూల నీళ్ల ముద్ద పెట్టి నెలవంకలా వంచి కాలుస్తారు. ఓవెన్‌లో పెట్టేముందు సూదితో గుచ్చుతారు. లోపలి తడి ఆవిరై పోవడానికి దారి లేకపోతే పొర పగిలి ముద్ద బయటికొస్తుంది.

హల్వా: నూనెను పిలిచి రప్పించే వంట

మార్జిపాన్‌లో నూనె కనిపిస్తే తప్పు. హల్వాలో అదే గుర్తు. చిక్కంతా ఎప్పుడు ఆపాలన్న దగ్గరే.

కొలత: బాదం 250 గ్రాములు, పాలు 250 మిల్లీలీటర్లు, చక్కెర 250 గ్రాములు, నెయ్యి 150 గ్రాములు, కుంకుమపువ్వు చిటికెడు. నానబెట్టి పొట్టు తీసిన పప్పును పాలతో సన్నని రవ్వ తగిలేలా రుబ్బాలి. మరీ వెన్నలా రుబ్బితే హల్వా జిగటగా అంగిలికి అతుక్కుంటుంది, బరకగా ఉంటే పలుకులు పచ్చిగా మిగులుతాయి. మందపాటి కడాయిలో రెండు చెంచాల నెయ్యి వేసి, ముద్ద వేసి, పచ్చి వాసన పోయి పాలు ఇంకేదాకా సన్నని మంట మీద కలపాలి. ఆ తర్వాతే చక్కెర. ముందే వేస్తే ముద్ద పలుచబడి చిమ్ముతుంది, అడుగు త్వరగా ఎర్రబడుతుంది. చక్కెర కరిగి మళ్లీ దగ్గరపడ్డాక నెయ్యి మూడు నాలుగు విడతలుగా వేయాలి. ఒక్కో విడత పూర్తిగా ఇంకాకే తర్వాతది.

నెయ్యి ఇంకడం మానేసి కడాయి అంచున మెరవగానే, గంటెకు అంటకుండా ముద్ద ఒక్కటిగా కదలగానే దించాలి. ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే నీరు మరీ తగ్గుతుంది. ప్రోటీన్ పొర బొట్లను పట్టి ఉంచడానికి ఆ కొద్ది నీరు కావాలి. అది పోయాక నెయ్యితో పాటు బాదం సొంత నూనె కూడా దిగి హల్వా మడుగు కడుతుంది, చల్లారాక ఇసుకలా పొడిబారుతుంది. 'నెయ్యి ఎక్కువైంది' అనుకునే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం తడి తక్కువ కావడం. అప్పటికీ దారుంది: మంట ఆపి, రెండు మూడు చెంచాల వేడి పాలు కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా కలిపితే నూనె తిరిగి ఇమిడిపోతుంది.

కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలు తాకుతుంది. అప్పుడు నెయ్యి పేరుకోదు, దిగిన ప్రతి చుక్కా పైకి కనిపిస్తుంది. డిసెంబరు పెళ్లిలో బాగా నిలిచిన హల్వా అదే కొలతతో మే పెళ్లిలో కారుతుంది. ఎండాకాలం నెయ్యి నాలుగో వంతు తగ్గించడం మేలు.

పాకంతో: గట్టి తుర్రోన్, మెత్తని తుర్రోన్, పట్టీ

స్పెయిన్‌లోని అలికాంతే, హిహోనా పట్టణాలు పక్కపక్కనే ఉంటాయి. రెండింటి తుర్రోన్‌కూ దినుసులు దాదాపు ఒకటే: వేయించిన బాదం, తేనె, చక్కెర, గుడ్డు తెల్లసొన. అలికాంతే రకంలో గింజలు ముక్క కాకుండా తెల్లని గట్టి పాకంలో ఇరుక్కుని ఉంటాయి, పంటికి పెళుసుగా విరుగుతుంది. హిహోనా రకంలో అదంతా నూరి, యంత్రపు రోట్లో వేడి చేస్తూ గంటల తరబడి కుమ్ముతారు. నూనె పూర్తిగా బయటికొచ్చి మెత్తని జిడ్డు ముద్ద తయారవుతుంది. మేలు రకంలో అలికాంతేకు బాదం కనీసం 60 శాతం, హిహోనాకు 64 శాతం ఉండాలి. పల్లీ పట్టీకి, దంచి చేసే నువ్వుల ముద్దకు మధ్య ఉన్న తేడాయే ఇది.

పాకం లెక్క అన్నిచోట్లా ఒకటే. లడ్డూకు సరిపోయే తీగపాకం 105 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది, నీళ్లలో వేస్తే ఉండ కట్టే పాకం 115 నుంచి 125 మధ్య, టక్కున విరిగే పాకం 150 దగ్గర. థర్మామీటర్ లేకపోతే చల్లని నీళ్ల గిన్నె చాలు. పట్టీకి బాదం 250 గ్రాములు, బెల్లం 200 గ్రాములు. నీళ్లలో వేసిన చుక్క సాగకుండా శబ్దంతో విరగాలి. బాదం వెచ్చగా ఉండాలి. చల్లని గింజలు పడితే పాకం ఒక్కసారిగా బిగిసి పలక పరచడానికి సమయం చాలదు. గోరువెచ్చగా ఉండగానే కోయాలి. వానాకాలంలో తేనె, బెల్లం కలిసినవి గాలిలోని తేమను త్వరగా లాగుతాయి. చక్కెర పట్టీ రెండు రోజులు కరకరలాడితే బెల్లం పట్టీ ఆ సాయంత్రానికే జిగురు పడుతుంది. చల్లారిన వెంటనే గాలి చొరని డబ్బాలో పెట్టడం ఒక్కటే మార్గం.

ఇరాన్ నొగ్ల్, ఇటలీలోని సుల్మోనా కన్ఫెత్తీ బాదం మీద చక్కెర పొరలు ఎక్కించిన గింజలు. ఇటలీలో పెళ్లికి వచ్చినవారికి ఐదు గింజలు మూటకట్టి ఇవ్వడం ఆచారం. మొరాకోలో రంజాన్ నెలలో చేసే సెల్లూ మాత్రం సత్తుపిండికి దగ్గరి బంధువు. దోరగా వేయించిన గోధుమపిండి, వేయించిన బాదం, నువ్వులు, తేనె, వెన్న, సోంపు, దాల్చినచెక్క కలిపి పొడిపొడిగానో ముద్దగానో చేస్తారు. అక్కడ కూడా బాదంలో సగం మెత్తగా నూనె దిగేదాకా నూరి, మిగతా సగం బరకగా ఉంచడం బాగా కుదిరే పద్ధతి. నూరిన సగం ముద్దను పట్టి ఉంచుతుంది, బరక సగం పంటికి తగులుతుంది.

పిండిగా: మైదా లేని కేకులు

బాదం పొడిలో సాగే గుణం లేదు. కేకు నిలవాలంటే గుడ్డే ఆధారం. స్పెయిన్ వాయవ్యంలోని గలీసియా ప్రాంతపు తార్తా దె సాంతియాగోలో కనీసం 33 శాతం బాదం ఉండాలని ఐరోపా గుర్తింపు నిబంధన. ఇంటి కొలత: బాదం పొడి 250 గ్రాములు, చక్కెర 250 గ్రాములు, గుడ్లు 5, నిమ్మ తొక్క తురుము. గుడ్లు, చక్కెర గిలక్కొట్టి, పొడి మెల్లగా కలిపి, 175 డిగ్రీల్లో 35 నుంచి 40 నిమిషాలు. మధ్యలో కొంచెం కుంగితే లోపం కాదు, దాని తీరే అంత. సర్వపిండి, సకినాలు చేసే చోట గోధుమ జిగురు లేని పిండి అడ్డంకి అనిపించదు గానీ, బియ్యప్పిండిలా బాదం పొడి వేడి నీళ్లకు ముద్ద కాదని గుర్తుంచుకోవాలి.

తెల్లసొన, బాదం పొడి, చక్కెరతో చేసే ఫ్రాన్స్ బిస్కెట్టు మాకరోన్ దగ్గరికొచ్చేసరికి నూనె మళ్లీ శత్రువు. నురగ కట్టిన తెల్లసొనలో నూనె పడితే బుడగలు కూలుతాయి. మిక్సీలో ఎక్కువ తిప్పిన బాదం పొడితో చేసిన మాకరోన్లు పరుచుకుపోయి మచ్చలు పడేది అందుకే. పొడిని చక్కెర పొడితో కలిపి తిప్పి, జల్లించి, మిగిలిన రవ్వను పక్కన పెట్టాలి. పరిచిన బిళ్లల మీద పలుచని పొర ఆరాకే కాల్చాలి. పొడి గాలిలో అరగంటకు ఆరేది జూలై ముసురులో రెండు గంటలైనా ఆరదు. ఆ నెలల్లో ఫ్యాన్ గాలి, వీలైతే ఏసీ గది వాడాల్సిందే.

కూరల్లో: చివర్లో తేలే నూనె

స్పెయిన్ కాతలోనియాలో వేయించిన బాదం, ఎల్లిగడ్డ, రొట్టె ముక్క నూరి పికాదా చేసి కూర దించేముందు కలుపుతారు. ఇరాన్‌లోని కెర్మాన్‌షా వైపు సన్నగా చీరిన బాదంను గులాబీ నీళ్లలో నానబెట్టి మటన్ కూరలో వేస్తారు. మొరాకో బస్తీలాలో మాంసం పొరకు, పలుచని రొట్టె పొరకు మధ్య వేయించిన బాదం, చక్కెర, దాల్చినచెక్క పరుస్తారు. మన దగ్గర కోర్మా. పెరుగు, నూరిన బాదం కలిసిన చోట బాదం రవ్వలు పెరుగు గడ్డలు పెద్దవి కాకుండా కొంత అడ్డుకుంటాయి. అయినా కిలో మాంసానికి 50 గ్రాములు మించితే రుచి మొద్దుబారుతుంది, అడుగంటుతుంది. సగానికి పైగా ఉడికాకే ముద్ద వేయాలి. అంచున నూనె తేలడమే ఉడికిందనడానికి గుర్తు.

గుత్తి వంకాయలో, బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు, కుడుక చేసేది అచ్చంగా ఇదే పని. నూనె, ప్రోటీన్ పాళ్లు దగ్గరగా ఉన్నందున చిక్కదనం విషయంలో పల్లీ బాదంకు చక్కని ప్రత్యామ్నాయం. తెలంగాణ మసాలా ఖరీదైన గింజకు తక్కువది కాదు, అదే లెక్క ఇక్కడి పంటతో కుదిరిన రూపం.

ధర పెరిగితే మారేది, ఎండకు మారేది

బాదం ధర డాలరు విలువ, దిగుమతి సుంకం, కాలిఫోర్నియా పంట మీద ఆధారపడి కదులుతుంది. ధర పెరిగినప్పుడు మిఠాయిల్లో మొదట చేరేది జీడిపప్పు నూక, తర్వాత పల్లీ. జీడిపప్పు చేరిన బాదం హల్వా త్వరగా బిగిసి సాగుతుంది. పల్లీ చేరితే రంగు మట్టిబారి, వేయించిన వాసన వస్తుంది. రుచి తేడా ఒక ఎత్తు, పల్లీ పడనివాళ్ల విషయం మరో ఎత్తు. బాదం తినగలిగి పల్లీ తినలేనివాళ్లకు ఆ మార్పు ప్రాణం మీదకు రావచ్చు. కలిపినది ఏదైనా పేరు రాసి అమ్మాలన్న నియమం అందుకే ముఖ్యం.

కొనేటప్పుడు నాలుగు గింజలు అడ్డంగా విరిచి చూడాలి. లోపల అంతా ఒకే తెలుపుంటే తాజాది. మధ్యలో పసుపు, గోధుమ రంగు చారలుంటే నూనె పాడవుతోంది. బాదం నూనెలో ఎక్కువ భాగం కాస్త నిలకడగా ఉండే రకమే, అయినా గాలికి, వేడికి మెల్లగా చెడుతుంది. వేయించినా, పొడి చేసినా ఆ వేగం పెరుగుతుంది, ఎందుకంటే పొరల్లో దాగిన నూనెకు గాలి తగులుతుంది. మార్చి నుంచి జూన్ దాకా వరంగల్‌లో గింజలను పొట్టుతోనే గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచాలి, పొడి ఆ పూటకు కావలసినంతే చేసుకోవాలి. ముక్కిన వాసన ఒకసారి పట్టిందంటే చక్కెర, యాలకులు, గులాబీ నీళ్లు ఎన్ని వేసినా పోదు. హల్వా వేడెక్కిన కొద్దీ ఇంకా పైకొస్తుంది.